గుర్రాల లెక్క: అమెరికా మజిల్ కార్ల చరిత్ర

విద్యార్థులారా! పని జరిగే రేటును సామర్థ్యం అంటారని భౌతికశాస్త్రంలో చదువుకున్నారు కదా. ఇంజన్ల సామర్థ్యాన్ని హార్స్‌పవర్‌లో చెబుతారు. ఒక హార్స్‌పవర్ సుమారు 746 వాట్లకు సమానం. 1960లలో అమెరికా యువతను ఉర్రూతలూగించిన మజిల్ కార్ల చరిత్ర ఈ అంకె చుట్టూనే తిరిగింది.

మజిల్ కారు అంటే ఏమిటి? మధ్యరకం కారులో పెద్ద కారు ఇంజన్‌ను బిగించి, మధ్యతరగతికి అందే ధరకు అమ్మడమే. 1964 నాటి పాంటియాక్ జీటీఓతో ఈ ఒరవడి ఊపందుకుంది. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజన్ వాడరాదని జనరల్ మోటార్స్ సంస్థ నియమం పెట్టుకుంది. దాని విభాగమైన పాంటియాక్, 389 ఘనపు అంగుళాల (6.4 లీటర్ల) వి-8 ఇంజన్‌ను కొనుగోలుదారు కోరుకుంటే ఇచ్చే అదనపు సదుపాయంగా చూపి, ఆ నియమాన్ని దాటేసింది. దాని సామర్థ్యం 325 హార్స్‌పవర్. తొలి ఏడాదే 32 వేలకు పైగా కార్లు అమ్ముడయ్యాయి. ఇక పోటీ మొదలైంది. క్రైస్లర్ వారి ‘హెమీ’ 425కు చేరితే, 1970లో షెవర్లే షెవెల్ 450ని అందుకుంది.

ఈ అంకెలను ఎలా కొలిచారో గమనించండి. ఇంజన్‌ను కారు నుంచి వేరుగా నిలబెట్టి, ఎయిర్ ఫిల్టర్, ఫ్యాన్, సైలెన్సర్ వంటివి లేకుండా నడిపేవారు. ఇది స్థూల సామర్థ్యం. అవన్నీ బిగించి కొలిస్తే వచ్చేది నికర సామర్థ్యం. 1972 నుంచి కంపెనీలు నికర సామర్థ్యాన్నే ప్రకటించసాగాయి. షెవెల్ 454 ఘనపు అంగుళాల ఇంజన్‌కు 1971లో 365 అని ప్రకటిస్తే, 1972లో అది 270 అయింది. ఈ తేడాకు ప్రధాన కారణం కొలిచే పద్ధతి మారడమే.

ఆ అంకెలో కనిపించని సంగతులు ఇంకా ఉన్నాయి. 1964 జీటీఓకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. 1966లో అమెరికా రోడ్లపై 50 వేల మందికి పైగా మరణించారు. ఆ ఏడాదే వాహన భద్రతా చట్టం వచ్చింది. 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం కాలుష్యాన్ని 90 శాతం తగ్గించాలని ఆదేశించింది. వేగవంతమైన కార్లకు బీమా రుసుము పెరిగింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేయడంతో పెట్రోలు బంకుల వద్ద బారులు తీరాయి. 1974తో నాటి జీటీఓ తయారీ ఆగిపోయింది.

కనుక విద్యార్థులారా, ఈ కార్ల బలం ఇంజనీర్ల ప్రతిభతో పాటు చౌక పెట్రోలు పైన, పొగకూ ప్రాణాలకూ లెక్క అడగని చట్టాల పైన కూడా నిలిచింది. మీరు రేపు ఏ వాహన ప్రకటన చూసినా, అందులోని అంకెను ఎలా కొలిచారో, దేనిని లెక్కలోంచి వదిలేశారో అడిగి తెలుసుకోండి.