రిషివ్యాలీ: గేటు బయటి చరిత్ర

వందేళ్ల సంచిక అనగానే మొదటి పేజీలో స్థాపకుల పటం, వెనకాల భవనాల ఫొటోలు, ఆపైన పెద్ద పదవులకెక్కిన పూర్వ విద్యార్థుల వరస ఉండటం ఆనవాయితీ. రిషివ్యాలీకి ఈ మూడింటిలో దేనికీ కొదవలేదు. మదనపల్లె దాటి తెట్టు వైపు వెళ్తే కొండల నడుమ కనిపించే ఈ విద్యాలయానికి 1926లో పునాది పడింది. జిల్లాల గీతలు మారాయి గానీ, మొన్నమొన్నటి దాకా ఇది చిత్తూరు జిల్లా గర్వంగా చెప్పుకున్న పేరు. అయితే ఈ నూరేళ్లలో చెప్పుకోదగ్గ పని గేటు లోపల ఎంత జరిగిందో గేటు బయట కూడా అంతే జరిగిందని ఈ వ్యాసం వాదన. తన కాళ్ల మీద తాను నిలబడటం అంటే ఎవరి సాయమూ తీసుకోకపోవడం కాదు. సాయం చేసినవాడు పక్కకు తప్పుకున్నా పని ఆగకపోవడం. ఒక సంస్థను తూచడానికి ఇంతకన్నా నికార్సయిన తూకంరాయి లేదు. రిషివ్యాలీని కూడా దానితోనే తూచి చూద్దాం.

రిషివ్యాలీ స్థాపకుడు జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. ఆ ఊరికి చదువు మీద మక్కువ పాతదే. 1915లో అనీబిసెంట్ పూనికతో అక్కడ కళాశాల వెలిసింది. 1919లో రవీంద్రుడు ఆ కళాశాలకు అతిథిగా వచ్చినప్పుడే జనగణమనకు ఆంగ్లానువాదం చేశారు. ఋషులు తపస్సు చేశారని జనం చెప్పుకునే కొండ కింద కృష్ణమూర్తి బడికి చోటు ఎంచుకున్నారు. మద్రాసు గిండీలో నడుస్తున్న జాతీయ పాఠశాల 1931లో జి.వి. సుబ్బారావు సారథ్యంలో ఈ లోయకు తరలివచ్చింది. ఇక్కడొక విచిత్రం ఉంది. తనను జగద్గురువుగా నిలబెట్టడానికి ఏర్పాటు చేసిన నక్షత్ర సంఘాన్ని 1929లో ఆయనే రద్దు చేశారు. సత్యానికి ఏ సంస్థా దారి చూపలేదన్న మనిషి బడి అనే సంస్థను మాత్రం వదులుకోలేదు. ఇది పొంతన లేని పని అని కొందరంటారు. కానీ మంచి బడి పిల్లవాణ్ణి తన దగ్గర కట్టిపడేసుకోదు, సాగనంపుతుంది. సంఘానికీ బడికీ తేడా అదేనని ఆయన తలిచి ఉంటే అందులో వైరుధ్యం లేదు.

మొదటి పరీక్ష 1940ల్లోనే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక కృష్ణమూర్తి 1947 దాకా అమెరికాలోనే ఉండిపోయారు. 1941లో సుబ్బారావు తప్పుకున్నారు. అండగా ఉన్న ఇద్దరూ దూరమయ్యేసరికి బడి కుంగింది. మన తూకంరాయి ప్రకారం చూస్తే రిషివ్యాలీ ఆ పరీక్షలో నెగ్గలేదని ఒప్పుకోవాలి. గ్వాలియర్‌లో సింధియా పాఠశాలను నడిపిన అనుభవజ్ఞుడు ఎఫ్. గోర్డన్ పియర్స్ 1950లో వచ్చి దాన్ని మళ్లీ లేపారు. ఆయన రోజుల్లో ఇక్కడ పనిచేసిన డేవిడ్ హార్స్‌బరో 1972లో ఇక్కడికి దగ్గర్లోనే, కర్ణాటక సరిహద్దుకు ఆవల రాయల్పాడులో పల్లె పిల్లల కోసం నీల్‌బాగ్ బడి తెరిచారు. పియర్స్ తర్వాత ఎస్. బాలసుందరం దాదాపు రెండు దశాబ్దాలు బండి లాగారు. ఫలితాలు, ప్రవేశాలు, కొత్త కట్టడాలతో ఆ ఏళ్లు సాఫీగా గడిచాయి. అంతకన్నా రాయడానికి పెద్దగా లేదు.

అసలు కష్టం వానలు తప్పడంతో వచ్చింది. రాయలసీమలో కరువు కొత్త చుట్టం కాదు, ఇంటి మనిషే. అయితే ఈ లోయలో అది రెండు వైపుల నుంచీ పట్టుకుంది. పైన వంటచెరకు కోసం నరికీ, మేకల మేతకు వదిలీ కొండలు బోడిగుండ్లయ్యాయి. పడిన నాలుగు చినుకులూ నిలవక, మట్టిని వెంటేసుకుని వంకల్లోకి జారిపోయాయి. కింద బావులు అడుగంటాయి, బోర్లు లోతుకు పోయాయి. నీళ్ల ట్యాంకర్ తెప్పించుకుంటే ఆ పూట గడుస్తుంది, మర్నాడు మళ్లీ అదే గతి. రిషివ్యాలీ పట్టుకున్న మార్గం నిదానమైనది. కొండవాలును కాపు కాసి, మొక్కలు నాటి, వాన నీళ్లు భూమిలోకి ఇంకేలా ఊటకుంటలు తవ్వి, ఏళ్ల తరబడి ఓపిక పట్టింది. పచ్చదనంతో పాటు పిట్టలూ తిరిగొచ్చాయి. 1991లో ఈ లోయ పక్షుల సంరక్షణ ప్రాంతమైంది. దక్షిణ భారతపు రాతికొండల్లో తప్ప కనిపించని పసుపు గొంతు పిగిలిపిట్ట ఇక్కడ గూడు కట్టుకుంటుంది. గట్టు మూసేస్తే మేకల కాపరి ఎక్కడికి పోవాలన్న ప్రశ్న న్యాయమైనదే. అడవి పెంచినవాళ్లు దానికి మాటతో కాదు, దిగువ రైతు బావిలో నీటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు ఒక్క ఏడాదిలో రాదు. కానీ ఒకసారి వేళ్లు పట్టుకున్న కొండకు రోజూ ఎవరూ నీళ్లు పొయ్యక్కర్లేదు. మనం చెప్పుకున్న స్వావలంబనకు కంటికి కనిపించే మొదటి రుజువు ఈ కొండే.

రెండో రుజువు పల్లె బడి. 1980ల చివర్లో వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం పనిలోకి దిగారు. చుట్టుపక్కల కుగ్రామాల్లో ఒక్కో గదితో డజనుకు పైగా శాటిలైట్ బడులు వెలిశాయి. ఒకే పంతులు, ఒకే గది, ఐదు తరగతుల పిల్లలు. ఒకటో తరగతికి చెబుతుంటే నాలుగో తరగతి గోల చేసే ఆ బడి మన పల్లెలకు తెలియనిది కాదు. వాళ్లు పంతుళ్లను పెంచమని కోరుతూ కూర్చోకుండా పాఠాన్నే విడగొట్టారు. తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం చిన్న చిన్న మెట్లుగా మారి ఒక నిచ్చెనగా గోడకెక్కాయి. ఒక్కో మెట్టుకు ఒక కార్డు, గుర్తుకు ఒక బొమ్మ. అక్షరం రాని పిల్ల కూడా బొమ్మను చూసి తన కార్డు తానే తీసుకుంటుంది. కొన్ని కార్డులు కొత్త సంగతి చెబుతాయి, కొన్ని సాధన చేయిస్తాయి, కొన్ని పరీక్షిస్తాయి, తప్పినవాళ్లకు మళ్లీ దారి చూపిస్తాయి. ఒక గుంపు పంతులు దగ్గర, మరో గుంపు తోటి పిల్లల సాయంతో, ఇంకో గుంపు తమంతట తామే చదువుకుంటాయి. శనక్కాయలు పీకే రోజుల్లో రెండు వారాలు బడి ఎగ్గొట్టిన పిల్ల తిరిగొచ్చి, వదిలేసిన మెట్టు మీదే కాలు పెడుతుంది. తరగతి దాటిపోయిందన్న బెంగ ఉండదు, ఏడాది వృథా అయిందన్న ముద్ర పడదు. తల్లుల సంఘాలు బడి బాగోగులు చూసేవి. మెట్రిక్ మేళాలో పిల్లలు ఊరివాళ్ల బరువూ ఎత్తూ కొలిచి రాసేవారు. ఊరి కథలు పాఠాలయ్యాయి. ఆ బడి ఊరికి పరాయిది కాలేదు.

ఈ పనిలో చేయి వేసినవాళ్లను తలుచుకోవడం ఇలాంటి సంచిక ధర్మం. జి.వి. సుబ్బారావు, గోర్డన్ పియర్స్, బాలసుందరం, హార్స్‌బరో, దశాబ్దాల పాటు సంస్థకు దిశ చూపి 2013లో పద్మశ్రీ అందుకున్న రాధికా హెర్జ్‌బెర్గర్, ఆమెకు తోడుగా నిలిచిన హాన్స్ హెర్జ్‌బెర్గర్, లోయ పక్షుల లెక్క తీసిన ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్, పల్లె బడులకు ప్రాణం పోసిన పద్మనాభరావు, రమ. రిషివ్యాలీని నడిపే కృష్ణమూర్తి ఫౌండేషన్‌కు తోడుగా నిలిచిన దాతలు, వైద్యులు, తోటమాలులు, వంటవాళ్లు, డ్రైవర్లు ఇంకెందరో ఉన్నారు.

ఆక్షేపణలూ లేకపోలేదు. ఖరీదైన వసతి బడి పక్కన పల్లె బడి పెట్టడం మనసును సమాధానపరుచుకోవడానికి చేసే దానమేనన్నది మొదటిది. ఇందులో కొంత నిజం ఉంది. గేటు లోపలి బడిలో సీటు చుట్టుపక్కల సేద్యగాడి పిల్లకు అందని ద్రాక్ష. కానీ దానమైతే ఇచ్చినచోటే ఆగిపోతుంది, ఈ పద్ధతి ఆగలేదు. మైసూరు జిల్లా హెచ్.డి. కోటె ఉపాధ్యాయులు వచ్చి చూసి వెళ్లాక 1995లో కర్ణాటకలో ఇదే తరహా ‘నలి కలి’ బోధన కార్యక్రమం మొదలైంది. 2003లో చెన్నై నగరపాలక బడులు ఈ దారి పట్టాయి, తర్వాత తమిళనాడు అంతా పట్టింది. కార్డులు చేతికిచ్చి పంతులు చేతులు దులుపుకుంటాడన్నది రెండో ఆక్షేపణ. శిక్షణ లేకుండా కార్డులు మాత్రమే పంచినచోట ఆ ప్రమాదం ఉండనే ఉంది. అయితే ఆ తప్పు పంపకానిది, పద్ధతిది కాదు. నిచ్చెన ఉన్న బడిలో పంతులుకు పని తగ్గదు, మారుతుంది. నలభై మందికి ఒకేసారి చెప్పడం మాని, ఆగిపోయిన నలుగురి పక్కన కూర్చోవడం ఇంకా కష్టమైన పని. దాతల డబ్బుతో నడిచే బడి సొంత కాళ్ల మీద నిలబడిందని ఎలా అంటారన్నది మూడో ఆక్షేపణ, అన్నిటికన్నా గట్టిది. నిజమే, సంస్థ ఇంకా నిలబడలేదు. నిలబడింది పద్ధతి, దానితో చదువుకున్న పిల్ల.

పండుగ పూట చెప్పకూడదేమో గానీ, చెప్పకపోతే చరిత్ర కొరవడుతుంది. పొరుగు రాష్ట్రాలు లక్షల మంది పిల్లలకు అందించిన నిచ్చెన సొంత గడ్డ మీద అంత గౌరవం పొందలేదు. మన రాష్ట్రంలో పాడేరు గిరిజన ప్రాంతం దాన్ని తొలిదశలోనే అందుకుంది. మిగతా చోట్ల ఒక అధికారి ఉన్నంత కాలం మొలకెత్తి, ఆయన బదిలీతో వాడిపోతూ వచ్చింది. మరోవైపు పల్లె ముంగిటికి ఇంగ్లీషు మీడియం వ్యాను వచ్చింది. తల్లులను తప్పుపట్టలేం. టై కట్టుకున్న బిడ్డకు భవిష్యత్తు ఉంటుందని అందరూ చెబుతుంటే, బొమ్మల కార్డుల మీద నమ్మకం పెట్టుకోమనడం సులువు కాదు. అంతకన్నా నొచ్చే సంగతి ఇంకోటి ఉంది. ఆ ఒంటరి గదుల్లో ఏళ్ల తరబడి పాఠం చెప్పిన పల్లె యువతీయువకుల పేర్లు ఏ సంచికలోనూ కనిపించవు. పైన రాసిన జాబితా కూడా అదే తప్పు చేసింది. పురస్కారాలు సంస్థకు వచ్చాయి, పద్ధతి పేరు విదేశాల దాకా పోయింది. వాళ్లు మాత్రం అదే ఊళ్లో, అదే జీతంతో మిగిలారు.

తూకం ఇప్పుడు తేలింది. స్థాపకుడి మీద ఆనుకున్నప్పుడు బడి ఒరిగింది. వేళ్లు పట్టిన కొండ నిలిచింది. పిల్ల చేతికి దక్కిన నిచ్చెన రాష్ట్రాలు దాటింది. ఇక సంస్థ వంతు. శతాబ్ది నిధి అంటూ ఏదైనా పోగైతే అందులో మొదటి వాటా కొత్త భవనానికి కాకుండా ఆ ఒంటరి గదుల పంతుళ్ల జీతానికి వెళ్లాలి. తర్వాత వచ్చే సంచికలో, ముద్రణ ఖర్చు ఎంత పెరిగినా సరే, వాళ్ల పేర్లు ఊరి పేరుతో సహా స్థాపకుల పటం ఎదుటి పేజీలోనే అచ్చు కావాలి.