చిరివేరు - మేనిచాయ

మన భాషలో చాయ యను మాటకు నీడ యనియు, రంగనియు, మేనివన్నె యనియు నర్థములు కలవు. నెల్లూరు తీరపు చరిత్ర మెఱిఁగినవారికి వస్త్రపు రంగును మేనివన్నెయు వేఱువేఱు కథలు కావని తోఁపక మానదు.

ఈ తీరపు టిసుకనేలలలోఁ బెరుగు చిరివేరును అరవలు సాయవేరందురు. పటిక పట్టించిన నూలుగుడ్డను దీనితోఁ గాఁచినచో నెన్ని యుదుకులకును జెదరని యెఱుపు నిలుచును. ఇట్టి బట్టల వర్తకమునకై యాంగ్లేయులు 1626 ప్రాంతమున దుగరాజపట్నమున స్థావర మేర్పఱచుకొని, 1640లో చెన్నపట్నమునకుఁ దరలిరి. సముద్రమున కావల నున్న కొనుగోలుదారు తన కింపైన రంగు నడిగి తెప్పించుకొనుచుండెను. 1643లో లండను కంపెనీవారు సూరతులోని తమ యుద్యోగులకు, ఎఱ్ఱనేల దుప్పట్లు తమ దేశమున రుచింపవనియు, తెల్లనేలపైఁ బూవులు గలవి పంపవలయుననియు వ్రాసిరి.

ఆ స్వాతంత్ర్యము మన యింటి స్త్రీకి లేకపోయెను. రంగు వెల యెక్కువగుటచేత నందుమా? చిరివేరు నందలి యెఱుపునకు మూలమగు అలిజరినును 1868లో జర్మను రసాయనజ్ఞులు కృత్రిమముగాఁ జేసిరి. చిరివేరు గిరాకి పోయెను, రంగు చౌకయయ్యెను. అయినను విధవ కది దక్కలేదు. అడ్డమైనది వెల కాదు, ఆచారము. 1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు జరిపించిన వితంతువివాహము, పసుపుకుంకుమలతోఁ బాటు రంగుచీరను గూడ నొక బాలికకు మరల నిచ్చినది.

ఫ్రాంసుదేశమున గోబెలిన్ రంగుశాల కధికారియగు షెవ్రల్ పండితుఁడు, నల్లదారము వెలవెలఁబోవుచున్నదను ఫిర్యాదును విచారించి, లోపము దారమున లేదనియు, ప్రక్కనున్న రంగులవలన నట్లు కనఁబడుననియుఁ దేల్చెను. 1839లోఁ బ్రకటించిన గ్రంథమున నీ సూత్రమును మేనిచాయకును, దుస్తులకును అన్వయించెను. 1980లో నమెరికాయందు కరోల్ జాక్సన్ అను నామె తన గ్రంథమున మనుష్యుల వన్నెలను నాలుగు ఋతువులుగా విభజించి, యెవరికే రంగు తగునో చెప్పెను. ఆ పద్ధతి నేఁడు మన పట్టణములకును వచ్చినది.

దీనిని మేము నిరసింపము. పగటి వెలుఁగున గుడ్డలను గడ్డముక్రింద నొకటొకటిగాఁ బట్టి చూచి, మొగము తేటపడు రంగు నెన్నుకొనుట వివేకమే. కాని నల్లపిల్లను దెల్లగాఁ జూపు రంగును వెదకుట వేఱు. అది మేనిని దోషముగా నెంచుట. లోపము దారమున లేదన్న పండితుని మాట మన యాడుబిడ్డల విషయమునను సత్యము. కనుకఁ దల్లులారా, "ఈ రంగు నీకుఁ దగదు" అనుటకు ముందు, "నీకేది యిష్టమమ్మా?" అని యడుగుఁడు.