జారిన వెన్నుపూసను అతికించిన చరిత్ర

నడుం వంచనిదే మన ప్రాంతంలో పూట గడవదు. ఆష్టి నుంచి సిరొంచ దాకా వరి నాట్లు, కోతలు, ఎండాకాలంలో తునికాకు, ఏ పని చూసినా భారం నడుం మీదనే. నడుం నొప్పుల్లో ఒక రకం వెన్నుపూస జారడం. ఒక పూస తన కింది పూస మీద నుంచి ముందుకు జరుగుతుంది. అప్పుడు కాళ్లలోకి పోయే నరాలు నొక్కుకుపోయి, కాళ్లు గుంజుతాయి, తిమ్మిరెక్కుతాయి. వయసు మళ్లిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ.

మా అవ్వకు ఇదే ఉందని డాక్టర్ చెప్పారు. "వెన్నుకు కోత పెడితే కాళ్లు పడిపోతయ్ బిడ్డా" అని ఆమె భయం. ఈ భయం మా వాడలో చాలామందికి ఉంది. అందుకే ఈ ఆపరేషన్ ఎట్లా పుట్టిందో తెలుసుకోవాలనుకున్నాను.

పూస జారడాన్ని మొదట గమనించింది ఎముకల డాక్టర్ కాదు, కాన్పులు చేసే డాక్టర్. 1782లో బెల్జియంకు చెందిన హెర్బీనో, ముందుకు జరిగిన ఎముక కాన్పుకు అడ్డం పడుతోందని రాశాడు. 1854లో జర్మనీ డాక్టర్ కీలియన్ దీనికి 'స్పాండిలోలిస్థెసిస్' అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో పూస జారడం అనే అర్థం.

పూసలను అతికించే ఆపరేషన్ మాత్రం వేరే జబ్బు కోసం వచ్చింది. వెన్నుకు క్షయ సోకితే పూసలు కరిగి గూని వచ్చేది. అప్పట్లో దానికి మందులు లేవు. 1911లో న్యూయార్క్‌లో ఇద్దరు డాక్టర్లు ఎవరికి వారే దారి కనిపెట్టారు. రసెల్ హిబ్స్ వెన్నులోని ఎముక ముక్కలనే వాడాడు. ఫ్రెడ్ ఆల్బీ కాలి ఎముక నుంచి ముక్క తీసి వెన్నుకు పెట్టాడు. 1933లో ఇంగ్లండ్‌లో బర్న్స్ అనే డాక్టర్ జారిన పూసకు ఇట్లాంటి ఆపరేషన్ చేశాడు. ఆ రోగి 14 ఏళ్ల అబ్బాయి, అంటే మా తరగతి వయసువాడు!

ఆ రోజుల్లో ఎముక అతుక్కునేదాకా రోగి నెలల తరబడి మంచం మీదనే ఉండాల్సి వచ్చేది. 1960ల నుంచి ఫ్రాన్స్‌లో రాయ్-కమీ పూసల్లోకి స్క్రూలు బిగించే పద్ధతి తెచ్చాడు. ఇప్పుడు రోగిని చాలాసార్లు కొద్ది రోజుల్లోనే నడిపిస్తారు. కానీ స్క్రూ ఊతం మాత్రమే. అసలు అతుకు వేసేది మన ఎముకే. దానికి నెలలు పడుతుంది.

ఈ వైద్యం మన జిల్లాకూ వచ్చింది. గడ్చిరోలి దగ్గర డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతుల 'సర్చ్' సంస్థ ఆసుపత్రికి ముంబయి 'స్పైన్ ఫౌండేషన్' డాక్టర్లు వచ్చి వెన్ను రోగులను చూస్తున్నారు. అయినా సిరొంచ వాళ్లకు గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. కూలి పోగొట్టుకొని అంత దూరం పోవడం అందరికీ కుదరదు.

పూస జారిన అందరికీ ఆపరేషన్ అవసరం లేదు. చాలామందికి మందులు, వ్యాయామంతోనే తగ్గుతుంది. ఆపరేషన్‌లో ప్రమాదం అసలు లేదని కూడా ఏ డాక్టరూ చెప్పడు. కానీ కాలిలో బలం తగ్గుతున్నా, మూత్రం మీద పట్టు తప్పినా ఆలస్యం చేయకూడదు. ఆపరేషన్‌కు భయపడి ఇంట్లో కూర్చుంటేనే అప్పుడు కాళ్లు పడిపోయే ప్రమాదం ఎక్కువ. చదువుకునే మనం ఈ మాటను మన ఇళ్లలో పెద్దలకు తెలుగులో విడమరిచి చెప్పాలి.