విమానములో ఒక చోటు: డబ్బు లెక్క, మైళ్ల లెక్క

శ్రీకాకుళమునకు సమీపమున నున్న శ్రీకూర్మము దేవాలయములో రాతి స్తంభములపై అనేక శాసనములు కలవు. అఖండదీపమునకు ఎవరు ఏమి దానమిచ్చిరో వాటిలో చెక్కించిరి. ఇచ్చినదానికిని, జరుగవలసినదానికిని లెక్క నిలుపుట మానవునికి చాల పాత అవసరము. ఆ అవసరము మన కాలపు విమానయానములో ఏ రూపము తాల్చినదో తెలిసికొందము.

విమానపు సీటు ఒక వింత సరకు. ఈనాడు అమ్ముడుపోని ధాన్యమును రేపు అమ్మవచ్చును. విశాఖపట్టణమునుండి విమానము లేచిన తరువాత దానిలోని ఖాళీ సీటును ఎవ్వరికిని అమ్మలేము. మరియొక చిక్కు కూడ కలదు. అదే సీటును అనేక ఊళ్లలోని గుమస్తాలు ఒకే నిమిషమున అమ్మ జూతురు. ఒక సీటు ఇద్దరికి పోరాదు, ఒక్కటియు వ్యర్థము కారాదు. ఈ రెండు నియమములే బుకింగు చరిత్రనంతటిని నడిపినవి.

తొలి దినములలో ఒక్కొక్క విమానమునకు ఒక్కొక్క అట్టముక్క యుండెడిది. తిరుగుడు బల్ల చుట్టు కూర్చున్న గుమస్తాలు సీటు అమ్మినప్పుడెల్ల దానిపై గుర్తు పెట్టెడివారు. 1946లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ బోస్టన్ నగరములో ‘రిజర్వైజరు’ అను విద్యుద్యంత్రమును నెలకొల్పినది. 1952లో అయస్కాంతపు డ్రమ్ముపై లెక్క నిలుపు యంత్రము వచ్చినది. అయినను అవి సీట్ల సంఖ్యను మాత్రమే యెరుగును. ప్రయాణికుని పేరు కాగితముపైననే యుండెడిది.

1953లో ఆ సంస్థ అధ్యక్షుడు సి. ఆర్. స్మిత్, ఐ.బి.ఎం. ఉద్యోగి బ్లెయిర్ స్మిత్ ఒకే విమానములో ప్రయాణించుచు మాటలలో పడిరి. ఆ పరిచయము ‘సేబర్’ అను కంప్యూటరు వ్యవస్థకు నాంది యైనది. 1964 నాటికి అది పూర్తిగా పనిలోనికి వచ్చినది. సీటును, ప్రయాణికుని పేరును ఒకేచోట కలిపి యుంచుట దాని గొప్పతనము. మన దేశములో సామాన్యులు ఇట్టి పద్ధతిని ముందుగా చూచినది రైల్వేలలో. 1985లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను ఆరంభమైనది. తరువాతి తరపు ‘కాన్సర్ట్’ పద్ధతిని 1994లో మన సికిందరాబాదులో ప్రవేశపెట్టిరి.

ఒకే విమానములో ప్రక్క ప్రక్క కూర్చున్న ఇద్దరి ఛార్జీలు వేరుగా నుండుటకు కారణ మేమి? కంప్యూటరు సీట్లను అక్షరములు గల తరగతులుగా విభజించును. ఇవి కుర్చీల తరగతులు కావు, ధరల తరగతులు. ఏ తరగతిలో ఎన్ని సీట్లు తెరచి యుంచవలెనన్న దానికి బి.ఓ.ఏ.సి. సంస్థకు చెందిన కెన్ లిటిల్‌వుడ్ 1972లో ఒక సూత్రము చెప్పెను. పూర్తి ధర రూ. 10,000, తగ్గింపు ధర రూ. 4,000 అనుకొందము. పూర్తి ధర ఇచ్చువాడు వచ్చు సంభావ్యత సగమైనచో, సీటును ఆపియుంచుట వలన సగటు రాబడి రూ. 5,000. కావున ఆపవలెను. సంభావ్యత పదింట మూడు వంతులే యైనచో రాబడి రూ. 3,000. అప్పుడు రూ. 4,000కు అమ్ముటయే మేలు. గణితపు తరగతిలో సంభావ్యతను బోధించుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ తరచుగా ప్రయాణించువారికి మైళ్లను జమకట్టు పథకమును ప్రారంభించినది. ఆ మైళ్లతో టిక్కెట్టు పొందవచ్చును. బహుమతి సీటు కూడ ఒక అక్షరపు తరగతియే. ఖాళీగా మిగులునని తోచిన సీట్లను మాత్రమే సాధారణముగా దానిలో తెరతురు. డబ్బుకు దొరకు సీటు ఒక్కొక్కప్పుడు మైళ్లకు దొరకకపోవుటకు ఇదియే కారణము.

ఇచ్చట రెండు ఖాతాలు కలవు: ఒకటి సీట్లది, రెండవది మైళ్లది. భాగస్వామి సంస్థ విమానమైనచో అవి వేరువేరు కంప్యూటర్లలో నుండును. మైళ్లు తీసివేసి సీటు ఇయ్యకపోయినచో ప్రయాణికునికి నష్టము. సీటు ఇచ్చి మైళ్లు తీసివేయకపోయినచో సంస్థకు నష్టము. కనుక రెండును జరుగవలెను, లేదా రెండును జరుగరాదు. ఆరు అక్షరముల బుకింగు గుర్తు వచ్చినంత మాత్రమున పని ముగియలేదు. పదమూడు అంకెల టిక్కెట్టు సంఖ్య వచ్చినప్పుడే ఆ సీటుకు టిక్కెట్టు పుట్టినట్లు.

మైలు ధనము కాదు, ఒక వాగ్దానము. దాని విలువను నిర్ణయించునది ఇచ్చిన సంస్థయే. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ విమానములు నిలిచిపోయినప్పుడు, మైళ్లు కూడబెట్టినవారికి ఆ సంస్థ విమానములలో వాటిని వాడు దారి లేకపోయెను. 2024 నవంబరులో విస్తారా సంస్థ ఎయిర్ ఇండియాలో విలీనమైనప్పుడు, దాని సభ్యుల ఖాతాలు కొత్త సంస్థ లెక్కలోనికి మారినవి.

శ్రీకూర్మములో దాత రాతిపై చెక్కించిన మాటను తరువాతివారు సులభముగా మార్చలేరు. కంప్యూటరులోని అంకె యట్టిది కాదు. అది ఎవరి ఖాతాలో నున్నది, దాని నియమములు మార్చు అధికార మెవరిది, ఎంతకాలము చెల్లును అను మూడు ప్రశ్నలను నేటి విద్యార్థి అడుగ నేర్వవలెను.