ఒకే పని, రెండు కాపీలు: ఫైల్ సిస్టమ్ కోడ్‌తో నా అనుభవం

మనవాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవారు నలుగురు ఒకచోట చేరితే తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: "మా కోడంతా కాపీ, పేస్టే. ఎప్పుడో తీరిగ్గా కూర్చుని శుభ్రం చెయ్యాలి." నేనూ ఒకసారి అలాగే కూర్చున్నాను. అప్పుడు చేసిన పొరపాటునూ, దాంతో తెలిసొచ్చిన విషయాన్నీ మీతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బ్లాకుల కేటాయింపు అంటే

ఫైల్ సిస్టమ్ డిస్కును సమానమైన బ్లాకులుగా చూస్తుంది. లినక్స్‌లో 1993లో వచ్చిన ఈఎక్స్‌టీ2నే తీసుకుందాం. బ్లాకు సైజు 4 కిలోబైట్లు అనుకుంటే, బ్లాకులన్నిటినీ గుంపులుగా విడదీసి ఒక్కో గుంపుకి ఒక్కో బిట్‌మ్యాప్ ఉంచుతారు. ఆ బిట్‌మ్యాప్ కూడా ఒక బ్లాకే. అందులో 32,768 బిట్లు పడతాయి కనుక గుంపులో అన్ని బ్లాకులు, అంటే 128 మెగాబైట్లు. బిట్ 0 అయితే ఆ బ్లాకు ఖాళీ, 1 అయితే ఎవరికో ఇచ్చేశారన్నమాట. ఒకప్పుడు మన ఊళ్ళో కరణంగారి దగ్గర ఉండే అడంగల్ లాంటిదే ఇది.

కొత్త బ్లాకు కావాలంటే ఆ ఫైలుకి ఇంతకుముందిచ్చిన బ్లాకు దగ్గర్లో 0 కోసం వెతకాలి. దొరికితే దాన్ని 1 చెయ్యాలి, ఖాళీల లెక్క తగ్గించాలి. దొరకకపోతే పక్క గుంపుకి వెళ్ళాలి. మధ్యలో ఏదైనా తప్పు జరిగితే చేసినదంతా వెనక్కి తిప్పాలి.

కాపీలు ఎలా పుట్టాయి

2001లో ఈఎక్స్‌టీ3 ప్రధాన కెర్నెల్‌లో చేరినప్పుడు, అది ఈఎక్స్‌టీ2 కోడ్‌కి జర్నల్ జోడించిన వేరే కాపీ. 2006లో ఈఎక్స్‌టీ4 కూడా ఈఎక్స్‌టీ3 కాపీగానే మొదలైంది. ఇది బద్ధకం కాదు. కొత్త ప్రయోగాల వల్ల పాతదాన్ని నమ్ముకున్నవారి డేటాకి ముప్పు రాకూడదని తీసుకున్న నిర్ణయం. చివరికి 2015లో 4.3 కెర్నెల్ నుంచి ఈఎక్స్‌టీ3 డ్రైవర్‌ని తీసేశారు. ఆ డిస్కుల పని అప్పటినుంచి ఈఎక్స్‌టీ4 డ్రైవరే చూసుకుంటోంది.

నేను చేసిన నిర్వాకం

నేను పనిచేసిన ఒక స్టోరేజ్ కంపెనీలో కూడా కథ ఇదే. జర్నల్ లేని పాత కోడ్ ఒకటి, దాన్ని కాపీ చేసి జర్నల్ చేర్చిన కొత్త కోడ్ ఒకటి. రెండూ చూడ్డానికి కవలపిల్లల్లా ఉండేవి. ఒక దాంట్లో సరిచేసిన తప్పు రెండో దాంట్లో అలాగే ఉండిపోయేది. విసుగొచ్చి రెండిటినీ కలిపేశాను. దాదాపు ఆరువందల లైన్లు తగ్గాయి. టెస్టులన్నీ పాసయ్యాయి. మేనేజరు మెచ్చుకున్నాడు కూడా.

రెండు నెలల తర్వాత ఒక కస్టమర్ దగ్గర కరెంటు పోయింది. మెషీన్ మళ్ళీ లేచింది, ఫైల్ సిస్టమ్ తనిఖీలో ఒక్క తప్పూ రాలేదు. కానీ వాళ్ళ ఖాతాల ఫైల్లో మధ్యలో వేరే ఫైలు ముక్కలున్నాయి! బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చినా రెండు రోజుల ఎంట్రీలు పోయాయి.

కారణం నేను పారేసిన ఒకే ఒక్క 'అనవసరపు' షరతు. పాత కోడ్ బిట్‌మ్యాప్‌ని మాత్రమే చూసేది. జర్నల్ ఉన్న కోడ్ ఇంకొకటి కూడా చూసేది: ఆ బ్లాకు చివరిసారి కమిట్ అయిన బిట్‌మ్యాప్‌లో కూడా ఖాళీయేనా అని. ఈఎక్స్‌టీ3లోనూ సరిగ్గా ఇలాంటి తనిఖీ ఉండేది. ఎందుకంటే, ఫైలు తుడిచేసిన మాట జర్నల్‌లో కమిట్ అయ్యేలోగా కరెంటు పోతే, ఆ తుడవడం జరగనట్టే లెక్క. పాత ఫైలు తిరిగి లేస్తుంది. ఈలోగా దాని బ్లాకుని ఇంకొకరికి ఇచ్చి, కొత్త డేటా నేరుగా డిస్కు మీద రాసేస్తే, లేచిన ఫైల్లో ఉండేది పరాయి సరుకే. పొలం అమ్మకం రిజిస్టరు కాకముందే ఇంకొకరికి పట్టా రాసిచ్చినట్టు! లెక్క ప్రకారం అన్నీ సరిగానే ఉంటాయి కనుక తనిఖీకి కూడా దొరకదు.

మళ్ళీ ఎలా కలిపాను

కలపడం మానలేదు, పద్ధతి మార్చాను. ముందు రెండు కాపీలనీ పక్కపక్కన పెట్టి తేడాలన్నీ కాగితం మీద రాసుకున్నాను. అవి మూడు రకాలుగా తేలాయి.

మొదటివి పేర్లు, వరసల తేడాలు. వీటిని నిర్భయంగా కలిపెయ్యొచ్చు.

రెండోవి, ఒక కాపీకే అందిన దిద్దుబాట్లు. ఉదాహరణకి డిస్కులో చివరి గుంపు 32,768 కన్నా చిన్నదై ఉండొచ్చు. ఆ జాగ్రత్త ఒక కాపీలోనే ఉండేది. కలిపేముందే రెండో దాంట్లో దీన్ని విడిగా సరిచేశాను.

మూడోవి అసలైన తేడాలు. వెతకడం, లెక్క తగ్గించడం ఉమ్మడి ఫంక్షన్‌లో పెట్టి, "ఈ బ్లాకు ఇవ్వవచ్చా?" అన్న ప్రశ్నను మాత్రం ఎవరి ఫంక్షన్‌కి వారికే వదిలేశాను. ఆ షరతు ఎందుకుందో పైన నాలుగు లైన్ల కామెంటు రాశాను.

ప్రతి అడుగూ వేరే చెక్‌ఇన్. ప్రతిదానికీ ఒకే పరీక్ష: చిన్న డిస్కుని నింపడం, సగం తుడవడం, మళ్ళీ రాస్తుండగా కరెంటు తీసెయ్యడం, తర్వాత ఫైల్లోని ప్రతి బైటూ సరిచూడడం.

ఈసారి తగ్గినవి నాలుగువందల లైన్లే. మిగిలిన రెండువందల్లో ఎవరిదో ఒకరి డేటా భద్రంగా ఉందని ఇప్పుడు నాకు తెలుసు. మీరూ ఇలాంటి శుభ్రానికి పూనుకుంటే, రెండు కాపీల మధ్య ఎంత పోలిక ఉందో కాదు, ఉన్న తేడా ఎందుకుందో ముందు అడగండి.