పెదకూరపాడు ప్రాంతంలో ఇంటి పన్ను

పల్నాడు జిల్లాలోని మండల కేంద్రం పెదకూరపాడులో నివాస గృహాలపై గ్రామ పంచాయతీ ఏటా వసూలు చేసేది ఇంటి పన్ను. పొరుగున సత్తెనపల్లి పురపాలక సంఘంలో ఇదే ఆస్తి పన్ను. పేరే కాదు, చట్టమూ లెక్కా కూడా వేరు. ఒకే కొలతల డాబాకు రెండు చోట్లా వేర్వేరు మొత్తాలతో నోటీసులు రావడానికి కారణం చాలావరకు పొలిమేరే.

భూములు, భవనాలపై పన్ను రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల అధికారం. స్థానిక సంస్థలకు అది చట్టాల ద్వారా సంక్రమించింది. పంచాయతీలకు ఆధారం 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం. ఇంటి అద్దె విలువనో, మూలధన విలువనో బట్టి పన్ను వేయవచ్చు. దానితోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కట్టాలి. వెయ్యి రూపాయల పన్నుకు అది 80 రూపాయలు. ఈ సొమ్ము పంచాయతీది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాల్సిందే.

పట్టణాల్లో లెక్క 2021 ఏప్రిల్ 1 నుంచి మారింది. అంతకుముందు ఇంటికి ఏటా ఎంత అద్దె రావచ్చో అంచనా కట్టేవారు. 2020 నాటి చట్ట సవరణతో మూలధన విలువ ప్రాతిపదికైంది. స్థలానికి రిజిస్ట్రేషన్ శాఖ ధర, కట్టడానికి విస్తీర్ణం, రకం, వయసు చూస్తారు. ఆ విలువలో నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం దాకా పన్ను వేయవచ్చు. అంటే 20 లక్షల విలువైన ఇంటికి 2,000 రూపాయలు పడవచ్చు, 10,000 కూడా పడవచ్చు. ఒక్కసారిగా భారం పడకుండా పెరుగుదలను పాత పన్ను మీద 15 శాతానికి పరిమితం చేశారు. జనానికి ఇది ఊరటే గానీ, పాత అంచనాల్లోని హెచ్చుతగ్గులు పక్కపక్క ఇళ్ల మధ్య కూడా అలాగే ఉండిపోయాయి. యజమానే నివసించే, 375 చదరపు అడుగులు దాటని ఇంటికి ఏడాదికి 50 రూపాయలే.

పట్టణ పన్నును అర్ధ సంవత్సరానికోసారి కడతారు. ఏడాది మొత్తం ఏప్రిల్ నెలాఖరులోగా చెల్లిస్తే 5 శాతం రాయితీ, బకాయి పడితే నెలకు 2 శాతం వడ్డీ.

ఈ జిల్లాలోనే గురజాల, దాచేపల్లి 2020లో నగర పంచాయతీలయ్యాయి. దాంతో అక్కడి ఇళ్లు పురపాలక చట్టం కిందికి వచ్చాయి.

ఎక్కడ కట్టినా పన్ను రసీదు యాజమాన్యానికి రుజువు కాదు. ఇల్లు కొనేవారు దస్తావేజులు, ఈసీ విడిగా చూసుకోవాలి.