నల్లగొండ పెద్దల రెండో భాష

మతిమరుపు జబ్బుకు మందు కనిపెట్టడం అమెరికా, ఐరోపా ప్రయోగశాలల పని అనీ, నల్లగొండ జిల్లా పెద్దవూర లాంటి ఊళ్లకు దానితో సంబంధం మందు వచ్చాక కొనుక్కోవడం వరకేననీ చాలామంది అనుకుంటారు. ఇది సగమే నిజం. అల్జీమర్స్‌ను ఎదుర్కోవడంలో ఔషధంతో సమానమైన పని ఇంకొకటి ఉంది. అక్షరం రాని మనిషిలో ఆ జబ్బును గుర్తుపట్టడం, ఆ మనిషి మెదడు దాన్ని ఎంతకాలం తట్టుకోగలిగిందో తేల్చడం. ఆ పనిలో హైదరాబాద్ ప్రపంచానికి ఒక ముఖ్యమైన ఆధారం ఇచ్చింది. దాని వేళ్లు నిజాం కాలపు తెలంగాణ భాషా చరిత్రలో ఉన్నాయని నా వాదన.

జర్మన్ వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ ఈ జబ్బును 1906లో ఒక వైద్య సభ ముందుంచాడు. దాన్ని పసిగట్టే సులువైన పరీక్ష అమెరికాలో 1975లో వచ్చింది. ముప్పై మార్కుల ఆ ప్రశ్నపత్రంలో ఈ రోజు తేదీ ఎంత అని అడుగుతారు, ఒక ఆంగ్ల పదాన్ని వెనక నుంచి అక్షరాలు విడదీసి చెప్పమంటారు, కాగితం మీదున్న ఆజ్ఞను చదివి పాటించమంటారు, ఒక వాక్యం రాయమంటారు, రెండు పంచభుజులను చూసి గీయమంటారు. జీవితంలో పెన్ను పట్టని రైతుకూలీ ఇందులో తప్పితే తప్పు మెదడుదా, బడిదా? ఈ చిక్కును మన దేశంలో మొదట విప్పినవారిలో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో పనిచేసిన పరిశోధకులు ఉన్నారు. 1995లో వెలువడిన వాళ్ల హిందీ పరీక్షలో వాక్యం రాయమనే బదులు మీ ఇంటి గురించి ఏదైనా చెప్పమన్నారు. కళ్లు మూసుకోమని చదివించే బదులు, నా ముఖం చూసి నేను చేసినట్టే చేయమన్నారు. ఆ తర్వాత హైదరాబాద్‌లోని నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం కేంబ్రిడ్జిలో పుట్టిన ఆడెన్‌బ్రూక్ పరీక్షను తెలుగువాళ్లకు తగినట్టు మలిచి వాడుకలో పెట్టింది.

ఇలాంటి పరీక్షలు ఇక్కడ ఎందుకు అవసరమయ్యాయో చరిత్ర చెబుతుంది. పెద్దవూర, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ 1948 దాకా నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లా ఊళ్లు. కచేరీ భాష ఉర్దూ, పై చదువు ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. తెలుగు పిల్లవాడికి ఇంటి మాటలో చదువు దొరకడమే కష్టం. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. అయితే బడి దూరమైన ఆ మనిషే పహాణీ నకలు కోసం, ఫిర్యాదు కోసం, అంగట్లో బేరం కోసం రెండో భాష పట్టుకోక తప్పలేదు. తండాల్లో లంబాడీ ఇంటి భాష, ఊళ్లోకి దిగితే తెలుగు. ఒకే చరిత్ర అక్షరాన్ని దూరం చేసింది, నాలుకకు ఇంకో భాషను అలవాటు చేసింది.

నిమ్స్ జ్ఞాపకశక్తి క్లినిక్‌కు 2006 నుంచి 2012 దాకా వచ్చిన 648 మంది డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) రోగుల వివరాలు 2013లో న్యూరాలజీ పత్రికలో వచ్చాయి. సగటు వయసును బట్టి చూస్తే వీళ్లలో ఎక్కువమంది 1950కి ముందు పుట్టి, ఆ పాత భాషా వాతావరణం ఇంకా చెదరని రోజుల్లో పెరిగినవాళ్లే అయి ఉండాలి. 391 మంది రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒక్క భాషే వచ్చినవాళ్లకంటే వీళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయి. చదువు, వృత్తి, పల్లె-పట్నం తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచింది. చదువు రానివాళ్లలోనూ కనిపించింది. టొరంటోలో 2007లో ఇలాంటి ఫలితమే వచ్చినా, అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు కాబట్టి మేలు భాషదా వలసదా అన్న సందేహం మిగిలింది. హైదరాబాద్‌లో ఆ సందేహానికి తావు లేదు. ఇక్కడ రెండు భాషలు మాట్లాడడం పుట్టిన నేల మీది మామూలు బతుకు.

దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి. జబ్బు ఎప్పుడు మొదలైందో ఇంట్లోవాళ్ల మాటను బట్టి రాసుకున్నారు, క్లినిక్‌కు రాగలిగినవాళ్లనే చూశారు. న్యూయార్క్‌లోని ఉత్తర మన్‌హట్టన్ వృద్ధులను ఏళ్ల తరబడి గమనించి 2014లో వెలువరించిన అధ్యయనంలో రెండు భాషల వల్ల డిమెన్షియా తగ్గినట్టు తేలలేదు. ఈ అభ్యంతరాలను ఒప్పుకోవాల్సిందే. రెండో భాష జబ్బును రాకుండా ఆపుతుందని చెప్పలేం. కానీ లోపల నష్టం జరుగుతున్నా మెదడు పని నడిపించగలగడం వేరే విషయం, దానికి ఇంకో ఆధారం ఉంది. పక్షవాతం వచ్చిన 608 మందిని హైదరాబాద్‌లోనే పరిశీలిస్తే, ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్లు రెండు భాషల వర్గంలో 40.5 శాతం, ఒక భాష వర్గంలో 19.6 శాతం. పక్షవాతం ఎప్పుడు వచ్చిందన్నది ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడే విషయం కాదు. అలాగని ఉర్దూ రుద్దడం మంచిదైందని ఎవరూ అనుకోకూడదు. మేలు చేసింది మనుషుల మధ్య నడిచిన మాట. సొంత భాషలో చదువు దొరికి ఉంటే అక్షరం, రెండో భాష రెండూ ఉండేవి.

ఇదంతా బాగానే ఉంది, రోగికి కావలసింది మందు కదా అనేవాళ్లుంటారు. 1996లో అమెరికాలో అనుమతి పొందిన డొనెపెజిల్ లక్షణాలను కొంత అదుపులో పెడుతుంది, జబ్బును ఆపదు. 2023లో పూర్తి అనుమతి వచ్చిన లెకానెమాబ్ మెదడులో పేరుకున్న అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ను తొలగిస్తుంది. పద్దెనిమిది నెలల ప్రయోగంలో అది క్షీణతను 27 శాతం మందగింపజేసింది, అంటే పద్దెనిమిది పాయింట్ల కొలతలో అర పాయింటుకు కాస్త తక్కువ. ఆ కొలతకు ఆధారం రోగితోనూ ఇంటివాళ్లతోనూ జరిపే సంభాషణే. పైగా ఆ మందు తొలిదశలో ఉన్నవాళ్లకే. చాదస్తమని, పెద్దతనమని సరిపెట్టుకుంటూ జబ్బు ముదిరాక ఆస్పత్రికి వచ్చే మనిషికి అది ఎలాగూ అందదు. మందు ముందుకు వెళ్లేకొద్దీ, మన భాషలో మన మనిషిని సరిగ్గా పరీక్షించే పని ఇంకా అవసరమవుతుంది.

భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన పరీక్షల సంపుటి ఇప్పుడు హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళాల్లో ఉంది. దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని అంచనా. వాళ్లందరికీ ఈ ఐదు భాషలు చాలవు. పెద్దవూర మండలం తండాల్లోని అవ్వకు లంబాడీలో అడిగే ప్రశ్న కావాలి, దాన్ని అడగగలిగే మనిషి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. నిమ్స్ చేసిన పని ఆ దారి చూపించింది. ఖరీదైన మందు కోసం ఎదురుచూడకుండా రేపే మొదలుపెట్టగల వైద్యం అదే.